కంగారు తీర్చే కంగారూ

అమ్మాయికి నెలలు నిండుతున్నాయంటే పుట్టింటికి తీసుకువెళ్లి పురుడు పోయడం మన ఆనవాయితీ. సముద్రాలు దాటి వచ్చాక ఆ ఆనవాయితీ తలకిందులైంది. ఇప్పుడు పుట్టిల్లే పెట్టె సర్దుకుని విమానమెక్కి అమెరికా వస్తుంది. ఆ పెట్టెలో కాయం సీసా ఉంటుంది, సాంబ్రాణి ఉంటుంది, బాలింత నడుముకు చుట్టడానికి పాత నూలుచీర ఉంటుంది, ఉగ్గుగిన్నె ఉంటుంది. కస్టమ్స్ వారికి కనిపించని సామాను ఇంకొకటి కూడా వస్తుంది. అది పురిటిబిడ్డను సాకే విద్య. అమ్మమ్మ తెచ్చిన ఆ విద్యకూ, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు చెప్పే విద్యకూ మన ఇళ్లల్లో జరిగే వాదోపవాదాలు ఈ సంచిక చదివే కుటుంబాలకు కొత్తగా చెప్పనక్కరలేదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నదాన్ని కనుక ఈ విషయం మీద నాలుగు మాటలు రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. మంచి వైద్యం ధనిక దేశంలో పుట్టి, పేద దేశానికి వెళ్తుందని. మనం ఇక్కడ నేర్చుకుని అక్కడికి పంపాలని. నేను రోజూ చేసే పనుల్లో అతి విలువైనది ఒకటి ఇందుకు సరిగ్గా ఎదురు దారిలో వచ్చింది. దక్షిణ అమెరికాలోని ఒక పేదల ఆసుపత్రిలో, యంత్రాలు చాలకపోవడం వల్ల పుట్టింది. దాని పేరు ‘కంగారూ మదర్ కేర్’. మన తెలుగులో ‘కంగారు’ అంటే ఆందోళన గనుక, ఆ పేరు చెప్పగానే మనవాళ్లు ఉలిక్కిపడతారు. ‘పాపకు కంగారూ చేద్దామా’ అని అడిగితే ‘ఇప్పుడున్న కంగారు చాలదా అమ్మా’ అన్న తండ్రి ఒకాయన ఉన్నారు.

బొగోటాలో ఏం జరిగింది

కొలంబియా రాజధాని బొగోటాలో ‘ఇన్‌స్టిట్యూటో మెటర్నో ఇన్‌ఫాంటిల్’ అనే పెద్ద ప్రసూతి ఆసుపత్రి ఉండేది. నగరంలోని బీద స్త్రీలకు అదే దిక్కు. 1970లలో అక్కడ ఒక్కో ఇన్‌క్యుబేటరులో ఇద్దరేసి, ముగ్గురేసి పిల్లలను పడుకోబెట్టవలసి వచ్చేది. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. తల్లులు దూరంగా ఉండిపోయేవారు. వారాల తరబడి బిడ్డను ముట్టుకోని తల్లుల్లో కొందరు బిడ్డను అక్కడే వదిలి వెళ్లిపోయేవారు కూడా.

1978లో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా ఈ పరిస్థితికి ఒక ఉపాయం ఆలోచించారు. తక్కువ బరువుతో పుట్టినా స్థిమితపడిన బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, ఒంటికి ఒళ్లు ఆనేలా ఉంచి గుడ్డతో కట్టడం, తల్లిపాలే పట్టించడం, త్వరగా ఇంటికి పంపి మళ్లీ మళ్లీ పరీక్షకు రప్పించడం. ఇంతే. మరుసటి సంవత్సరం డాక్టర్ హెక్టర్ మార్టినెజ్ ఆయనతో చేరి దీనిని కొనసాగించారు. కంగారూ జంతువు పిల్ల అరకొరగా ఎదిగే పుట్టి తల్లి సంచిలో పెరుగుతుంది గదా, ఆ పోలికతో ఆ పేరు వచ్చింది.

ఇందులో మహత్తు ఏమీ లేదు. కిలోన్నర బరువుతో పుట్టిన బిడ్డ ఒంట్లో వేడిని నిలిపే కొవ్వు ఉండదు. మనలాగ వణికి వేడి పుట్టించుకోవడం చేతకాదు. ఒళ్లు చల్లబడితే రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి తడబడుతుంది. తల్లి ఛాతీ ఎడతెగని వెచ్చదనం ఇస్తుంది. నిలువుగా ఉండటం వల్ల గొంతు మూసుకుపోకుండా గాలి ఆడుతుంది. బిడ్డ చర్మం మీదికి ముందుగా చేరేవి తల్లి ఒంటి మీది సూక్ష్మజీవులు, ఆసుపత్రిలోని మొండి క్రిములు కావు. పైగా బిడ్డ స్పర్శకు తల్లికి పాలు పడతాయి. ఇన్‌క్యుబేటరు వీటిలో మొదటి పని ఒక్కటే చేస్తుంది.

అనుమానాలు, పరీక్షలు

1980లలో యూనిసెఫ్ దీనిని మెచ్చుకుని ప్రచారం చేసింది. ఆ ప్రచారంలో అతిశయోక్తులు కూడా దొర్లాయి. ఇంగ్లండు నుంచి ఆండ్రూ వైట్‌లా, కేథరిన్ స్లీత్ అనే ఇద్దరు బొగోటా వెళ్లి స్వయంగా చూసి వచ్చి 1985లో ‘లాన్సెట్’ పత్రికలో వ్యాసం రాశారు. దాని శీర్షికలోనే ‘కట్టుకథ’ అన్న అర్థం వచ్చే మాట ఉంది. మొదటి రోజుల గండం గడిచి బతికిన పిల్లలనే లెక్కలోకి తీసుకుని, అంతమంది బతికారని చెప్పుకోవడం సబబు కాదన్నది వారి ఆక్షేపణ. న్యాయమైన ఆక్షేపణే.

నాకు ముచ్చట గొలిపేది ఆ తరువాత జరిగినది. వైట్‌లా అంతటితో కొట్టిపారేసి ఊరుకోలేదు. లండనులో తన వార్డులోనే తల్లులను రెండు గుంపులుగా చేసి పరీక్షించి చూశారు. బిడ్డను ఒంటికి హత్తుకుని కూర్చున్న తల్లులు ఎక్కువ కాలం పాలివ్వగలిగారని 1988లో ప్రకటించారు. పరదేశపు పద్ధతిని గుడ్డిగా నమ్మడమూ, పరదేశపుదని తోసిపుచ్చడమూ కాకుండా ఆయన మూడో దారి పట్టారు.

సరిగ్గా అదే రోజుల్లో జింబాబ్వేలోని మనామా మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ నిల్స్ బెర్గ్‌మన్, మంత్రసాని విద్యలో శిక్షణ పొందిన ఆగ్నెటా యూరిసూ పనిచేస్తున్నారు. ఇన్‌క్యుబేటర్లు లేవు. స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన బిడ్డను పుట్టినట్టే తల్లి గుండెల మీద ఉంచారు. కిలోన్నర లోపు బరువున్న పిల్లల్లో అంతకు ముందు పదిమందిలో ఒకరు బతికేవారు. ఇప్పుడు ఐదుగురు బతికారు. వారి నివేదిక 1994లో అచ్చయింది గాని, దానికి రావలసినంత పేరు అప్పట్లో రాలేదు. బీద దేశపు మారుమూల ఆసుపత్రి చెప్పిన మాట కావడం వల్లనేమో!

అమెరికాకు ఈ పద్ధతి ముఖ్యంగా నర్సుల ద్వారా వచ్చింది. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. జీన్ క్రాన్‌స్టన్ ఆండర్సన్, సూసన్ లూడింగ్టన్-హో వంటి నర్సింగ్ పరిశోధకులు ఏళ్ల తరబడి బిడ్డల గుండె వేగాన్నీ, ఊపిరినీ, నిద్రనూ కొలిచి కొలిచి, ఇది ప్రమాదం కాదని డాక్టర్లను ఒప్పించారు. 1996లో ఇటలీలోని ట్రియెస్టెలో వివిధ దేశాల వారు సమావేశమై దీనికి ‘కంగారూ మదర్ కేర్’ అన్న పేరు స్థిరపరిచారు. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆచరణకు ఒక కైపుస్తకం వేసింది. కొలంబియాలోనే డాక్టర్ నతాలీ షార్పాక్ బృందం 1990లలో పరీక్షకు తీసుకున్న పిల్లలను ఇరవయ్యేళ్ల వయసు వచ్చాక మళ్లీ వెదికి పట్టుకుని, ఆ మేలు పెద్దయ్యాక కూడా నిలిచిందని చూపించారు. ఇరవయ్యేళ్లు పిల్లల వెంట ఉండటం మాటలా!

హర్యానా పల్లెలు, ఢిల్లీ వార్డు

ఇక మన దేశానికి వద్దాం. హర్యానా పల్లెల్లో 8,402 మంది తక్కువ బరువు పిల్లల మీద జరిగిన పరిశీలన 2019లో లాన్సెట్‌లో వచ్చింది. శిక్షణ పొందిన స్త్రీలు ఇళ్లకు వెళ్లి, మట్టి అరుగు మీదనో నులక మంచం మీదనో కూర్చున్న తల్లికి బిడ్డను ఎలా కట్టుకోవాలో చూపించారు. అలా చేసిన ఇళ్లల్లో మొదటి 28 రోజుల్లో శిశుమరణాలు 30 శాతం తగ్గాయి.

ఆ తరువాతిది ఇంకా పెద్ద ప్రశ్న. బిడ్డ స్థిమితపడేదాకా ఎందుకు ఆగాలి? మనామాలో ఆగలేదు గదా! ఘనా, భారత్, మలావి, నైజీరియా, టాంజానియా దేశాల్లోని ఐదు ఆసుపత్రుల్లో 3,211 మంది పిల్లలతో దీనిని పరీక్షించారు. మన దేశం నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొన్నది. పుట్టగానే తల్లి దగ్గరికి చేర్చిన పిల్లల్లో మరణాలు 12 శాతం. మామూలు పద్ధతిలో ముందు ఇన్‌క్యుబేటరు, తరువాత తల్లి అన్న వారిలో 15.7 శాతం. తేడా అంత స్పష్టంగా కనబడేసరికి, పరీక్షను ఇంకా సాగించడం అన్యాయమని మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహా మార్చుకుంది. ఇప్పుడు నియమం ఏమిటంటే, నెలలు నిండని లేదా తక్కువ బరువు బిడ్డకు పుట్టిన వెంటనే మొదలుపెట్టాలి, రోజుకు 8 నుంచి 24 గంటలు చేయాలి.

ఇక్కడ ఒక చిన్న మాట దాటిపోకూడదు. ఆ ఐదు ఆసుపత్రుల్లోనూ బిడ్డను తల్లి దగ్గర పెట్టడానికి ముందుగా తల్లికి మంచం వేయవలసి వచ్చింది! ప్రమాద స్థితిలో ఉన్న పిల్లల వార్డులో తల్లికి చోటు ఉండదు. అక్కడ మంచం వేసి, బాలింతను చూసే డాక్టర్లూ, పిల్లల డాక్టర్లూ ఒకే గదిలో పనిచేసే ఏర్పాటు చేశారు. వినడానికి సులభం. ఆసుపత్రిలో పనిచేసిన వారికి తెలుస్తుంది, రెండు శాఖలను ఒక గదిలో కూర్చోబెట్టడం కంటే కొత్త యంత్రం కొనడం తేలిక.

ఒకే మందు, రెండు ఫలితాలు

అన్నీ ఇంత చక్కగా దేశాలు దాటవు. న్యూజిలాండుకు చెందిన లిగిన్స్, హౌవీ 1972లో ఒక గొప్ప సంగతి చెప్పారు. నెలలు నిండకుండా కాన్పు అయ్యే సూచనలున్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయి. చవకైన మందు. దీనిని పల్లెపల్లెకూ చేరిస్తే ఎంత మేలు అనుకుని, భారత్‌తో సహా ఆరు దేశాల్లో పెద్దయెత్తున ప్రయత్నించారు. 2015లో ఫలితం వచ్చింది. చిన్న పిల్లల మరణాలు తగ్గలేదు సరికదా, మొత్తం మీద శిశుమరణాలు కాస్త పెరిగాయి. నెలల లెక్క సరిగా తెలియని చోట అవసరం లేని తల్లులకు కూడా మందు పడింది. పుట్టిన బిడ్డను చూసుకునే ఏర్పాట్లూ అంతంత మాత్రమే. మళ్లీ 2020లో, నెలలు స్కానింగుతో లెక్కకట్టి, పిల్లల వార్డు ఉన్న ఆసుపత్రుల్లోనే ఇచ్చి చూస్తే అదే మందు ప్రాణాలు కాపాడింది. అందులోనూ భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియా ఆసుపత్రులే పాల్గొన్నాయి. మందు మారలేదు, దాని చుట్టూ ఉన్న మనుషులూ ఏర్పాట్లూ మారాయి.

అమ్మమ్మ సామాను

మళ్లీ మన పెట్టె దగ్గరికి వద్దాం. రెండేళ్ల కిందట మా వార్డులో ఒక తెలుగు అమ్మాయికి ముప్పై వారాలకే కాన్పు అయింది. తల్లి తెనాలి నుంచి హడావుడిగా వచ్చారు. బిడ్డను కేవలం డైపరు, టోపీ, మేజోళ్లతో అమ్మాయి గుండెల మీద పెడుతుంటే ఆవిడ నన్ను పక్కకు పిలిచారు.

‘అమ్మాయ్, గుప్పెడంత పిల్ల! పొత్తిళ్లలో చుట్టకుండా ఇలా వట్టి ఒంటితో పెడతారా?’

‘పొత్తిళ్లు వేడిని పోనివ్వవు పిన్నిగారూ, కొత్తగా పుట్టించలేవు. అమ్మ పుట్టిస్తుంది’ అన్నాను.

ఆవిడ కాసేపు గోడ మీది యంత్రంలో అంకెలు చూస్తూ నిలబడ్డారు. బిడ్డ ఊపిరి నెమ్మదించింది. ‘మా అమ్మ కూడా చలికాలంలో పిల్లల్ని రవికెలో వేసుకునే తిరిగేది’ అన్నారు తనలో తాను అనుకుంటున్నట్టు. మర్నాడు అల్లుడుగారు చొక్కా గుండీలు విప్పి తన వంతుకు కూర్చుంటే మాత్రం ఆవిడ సిగ్గుపడి కాఫీకి వెళ్లిపోయారు. తండ్రి చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఎవరైనా తల్లికి విశ్రాంతి ఇవ్వవచ్చు. సిజేరియన్ అయిన తల్లి కోలుకునేలోగా తండ్రే ముందు మొదలుపెట్టే సందర్భాలు ఎన్నో.

ఆ పెట్టెలోని వాటిలో ఏవి ఉంచుకోవాలి, ఏవి వద్దనాలి అని చాలామంది అడుగుతారు. నా లెక్క ఇది. బాలింతకు విశ్రాంతి, వేడి భోజనం, బయటి జనాన్ని కొన్నాళ్లు దూరంగా ఉంచడం బంగారంలాంటి ఆచారాలు. అమెరికాలో ఒంటరిగా ఇంటికి వెళ్లే తల్లులను చూసినప్పుడల్లా మనవాళ్లెంత అదృష్టవంతులో అనిపిస్తుంది. ఉగ్గుగిన్నెను చిన్నచూపు చూడకండి. చప్పరించే శక్తి లేని పిల్లలకు పిండిన తల్లిపాలు పట్టడానికి అలాంటి కొమ్ముగిన్నెనే ‘పాలాడై’ పేరుతో భారత ప్రభుత్వ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఉగ్గు మాత్రం వద్దు. ముర్రుపాలు పారబోయడం, బొడ్డుకు పసుపో బూడిదో రాయడం, పుట్టగానే స్నానం చేయించడం మానుకోవాలి. మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగాలి. చెవుల్లో, ముక్కులో నూనె పోయవద్దు. సాంబ్రాణి పొగ లేత ఊపిరితిత్తులకు పడదు. పొగ వాసన లేనిదే పురిటి గది కాదనే పిన్నిగార్లు నన్ను మన్నించాలి.

హైదరాబాదుకు వచ్చిన మిడ్‌వైఫ్

తెలుగు నేలకు బయటి నుంచి రావలసిన విద్య ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం సగటు 21.5. కత్తి అవసరమైన చోట ప్రాణం పోస్తుంది, సందేహం లేదు. పదిమందిలో ఆరుగురికి అవసరమా అన్నది వేరే ప్రశ్న.

బ్రిటన్‌లో ఆరోగ్యంగా ఉన్న గర్భిణి కాన్పును మొదటి నుంచి చివరిదాకా చూసేది మిడ్‌వైఫ్. చిక్కు వస్తేనే డాక్టరు. తెలుగులో మంత్రసాని అనేస్తే పొరపడతాం. ఈమె చదువుకుని, కాన్పుల విద్యలో ప్రత్యేక శిక్షణ పొందినది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ ఆధ్వర్యంలో 2011లో ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. బ్రిటన్ నుంచి అనుభవమున్న మిడ్‌వైఫ్‌లు వచ్చి మన అమ్మాయిల పక్కన నిలబడి నేర్పారు. నొప్పులు పడే స్త్రీని వెల్లకిలా పడుకోబెట్టకుండా నడవనివ్వడం, వీలైన భంగిమలో కాన్పు కానివ్వడం, తోడుగా ఒకరిని ఉండనివ్వడం, అన్నిటికీ మించి కసురుకోకుండా మాట్లాడటం. 2017లో తెలంగాణ ప్రభుత్వం అదే సంస్థ, యూనిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో 30 మంది నర్సులతో తొలి జట్టుకు శిక్షణ ప్రారంభించింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఇదేమీ పుస్తకాలు పంపితే వచ్చే విద్య కాదు. ఒక మనిషి చేయి పక్కన ఇంకొక మనిషి చేయి నెలల తరబడి ఉండాలి. బొగోటా పద్ధతి కూడా అలాగే వ్యాపించింది, చూసినవారు ఇంటికి వెళ్లి చేయడం వల్ల.

మనం పంపేవి

మన ఊరి ఆసుపత్రికి ఏదైనా చేయాలన్న కోరిక మనలో చాలామందికి ఉంది. ముందుగా తట్టేది ఇన్‌క్యుబేటరు. కనబడుతుంది, మీద పేరు రాయించవచ్చు, ఫోటో దిగవచ్చు. ఇలా ఎత్తిపొడుస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పేద దేశాల ఆసుపత్రుల్లో వైద్య పరికరాలను లెక్కించి 2011లో ఇద్దరు పరిశోధకులు ప్రకటించిన దాని ప్రకారం దాదాపు 40 శాతం పనిచేయకుండా పడి ఉన్నాయి. నాకు తెలిసిన ఒక మిత్రబృందం ఇక్కడి నుంచి ఓడలో పంపిన ఇన్‌క్యుబేటరు ఒక ఏరియా ఆసుపత్రిలో ఫైళ్లు పెట్టుకునే బల్లగా ఉంది. ఇక్కడి 110 వోల్టుల యంత్రం, అక్కడి 230 వోల్టుల కరెంటు. ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు, ఆపైన వేడిని కొలిచే తీగ పాడైంది, దొరకలేదు.

అదే వార్డులోని హెడ్‌నర్సుగారితో కిందటి వేసవిలో మాట్లాడాను. మీకేం కావాలని అడిగితే ఆమె ఆలోచించకుండా చెప్పారు. తల్లులు గంటల తరబడి వెనక్కి వాలి కూర్చోగల కుర్చీలు ఆరు. మధ్యలో తెరలు. వార్డుకు దగ్గర్లో బాలింతలకు ఒక మరుగుదొడ్డి, ఎందుకంటే ఇప్పుడున్నది కింది అంతస్తులో ఉంది, కుట్లతో మెట్లు దిగలేక తల్లులు బిడ్డను వదిలి వెళ్లిపోతున్నారు. మధ్యాహ్నం తల్లికి అన్నం. ఇద్దరు నర్సులకు నెల రోజుల శిక్షణ, వాళ్లు తిరిగి వచ్చాక వేరే వార్డుకు మార్చబోమన్న హామీ.

చివరిది మన చేతిలో లేదు, అధికారుల చేతిలో ఉంది. మిగతా వాటికి ఆ మిత్రబృందమే డబ్బు పోగుచేసింది. కుర్చీలు ఓడ ఎక్కలేదు. ఊళ్లోని వడ్రంగే, హెడ్‌నర్సుగారిని కూర్చోబెట్టి కొలతలు తీసుకుని, టేకుతో చేసిచ్చాడు. మరుగుదొడ్డి పని సగంలో ఉంది.